ఎంగిలి పడని గుప్పెడు

మధ్యలో వచ్చి చేరిన పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పి కథలోకి పోదాం.

విజయనగరంలో తన ఇంటి పెరట్లో, రేకుల షెడ్డు కింద, అనూరాధ కాఫీ గింజలు వేయిస్తుంది. పలాసలో జీడిపప్పు వేయించే పాత డ్రమ్ము ఒకటి తెప్పించి, దానికి మోటారు బిగించి, లోపలి వేడిని కొలిచే తీగనొకదాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఆ వేడిని తెర మీద గీతగా గీస్తూ పోతుంది. గింజ ఎప్పుడు పచ్చివాసన వదిలింది, ఎప్పుడు చిటపటమంది, ఎప్పుడు దింపాలి, అంతా ఆ గీతే చెబుతుంది. బాగా కుదిరిన రోజు గీతను దాచుకుని, మర్నాడు దాన్ని తెర మీద వెనకాల పరుచుకుని, కొత్త గీతను దాని అడుగుజాడల్లో నడిపిస్తే నిన్నటి రుచే ఇవాళా వస్తుంది. అనూరాధ కాఫీకి పేరు తెచ్చింది ఆ గీత. పోయినవారం తేలిందేమిటంటే, ఆ గీతను ఎవరో ఎత్తుకుపోయారు.

ఆ సంగతి చెప్పింది నరసింగరావు. విశాఖపట్నంలో ఆయనకున్న హోటళ్ళన్నిటికీ కాఫీ పొడి అనూరాధే ఇవ్వాలని దాదాపు ఖాయమైపోయాక ఫోన్ చేసి, "రాజాం నుంచి ఇంకో పొట్లం వచ్చిందమ్మా. కళ్ళు మూసుకుని తాగితే మీదేదో వాళ్ళదేదో తెలీడం లేదు. వాళ్ళు తక్కువకిస్తామంటున్నారు. వచ్చేవారం శుక్రవారం దాకా ఆలోచించుకుంటాను" అన్నాడు. అదే రోజు సాయంత్రం భర్త ఉమాశంకర్ సంచిలో అనూరాధకి ఒక కాఫీ పొట్లం కనిపించింది. మీద రాజాం దేవేంద్ర కంపెనీ ముద్ర. ఉమాశంకర్ రాజాంలో జూనియర్ కాలేజీలో కామర్సు చెబుతాడు, రోజూ బస్సులో పోయి వస్తాడు. పుట్టి బుద్ధెరిగాక టీ తప్ప తాగని మనిషి. పొట్లం సంగతి అడిగితే, "ఎవరో ఇచ్చార్లే" అని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అనుమానం పట్టినవాళ్ళకి తిండి సహించదంటారు. అది పుస్తకాల్లో మాట. అనూరాధ శుభ్రంగా తిన్నది, శుభ్రంగా పడుకుంది. కాకపోతే మొగుడు తువ్వాలు దండెం మీద వేసినా, ఫోన్ జేబులో పెట్టుకున్నా, దగ్గినా, దాని వెనక ఏముందోనని చూసింది. వారం రోజులు ఆ ఇంట్లో ఉమాశంకర్ మామూలుగా చేసిన పని ఒక్కటీ ఆమెకి మామూలుగా కనపడలేదు.

అలాంటి వారం గడిచాక వచ్చిన మంగళవారం అది. కార్తీకమాసం. ఉమాశంకర్ టిఫిన్ డబ్బా పట్టుకుని కాలేజీకి బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాడో లేదో, అనూరాధ చీర మార్చుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"రాజాం ఎల్తన్నావా?" అంది అత్త గురమ్మ, దేవుడి గూట్లోంచి తల తిప్పకుండానే.

అనూరాధ ఎవరికీ చెప్పలేదు. ఈవిడకెలా తెలిసిందన్న అనుమానం ముందు వచ్చింది, జవాబు తరవాత వచ్చింది. "అవునత్తా. చిన్న పనుంది."

"నానూ వస్తాను."

"రాజాంలో నీకేటి పనత్తా?"

"పనుంటేనే వస్తారేటి మనుసులు? బస్సులో కూకుని గాలి పీల్సుకుంటాను."

ఓహో, కొడుకు పట్టుబడకుండా కాపలా కాయడానికి వస్తోంది, అనుకుంది అనూరాధ. కాదనడానికి మాత్రం నోరు రాలేదు. గురమ్మ మామూలు మనిషి కాదు. మంగళవారం పైడితల్లమ్మ పేరు మీద ఉపవాసముంటుంది, ఆ రోజు అబద్ధమాడదు. పక్కింటివాళ్ళు బెల్లం అప్పు అడిగితే ఉన్నది లేదనలేక, మంగళవారం వీధి తలుపు తియ్యడమే మానేసిన మనిషి. దొంగని పట్టడానికి పోతూ అలాంటి సాక్షిని వద్దనడం మంచిది కాదు.

బస్సు చీపురుపల్లి దాటింది. గురమ్మ కొంగు చివర ఏదో ముడివేసుకుని ఉంది. మాటిమాటికీ దాన్ని తడుముకుంటోంది. అనూరాధ దాన్ని కూడా అనుమానంగానే చూసింది.

దేవేంద్ర దుకాణం పాలకొండ రోడ్డులో ఉంది. తండ్రులనాటి ధాన్యం వ్యాపారం. గోదాములో సగభాగం ఖాళీ చేయించి, అద్దాలు బిగించి, లోపల కొత్త యంత్రం పెట్టాడు. వచ్చినవాళ్ళందరూ చూడాలని గోడకి పెద్ద తెర తగిలించాడు. దాని మీద గీత పాకుతూ ఉంటే, కింద బల్ల దగ్గర కూర్చుని జనం కాఫీ తాగుతారు. సినిమాహాల్లో పాప్‌కార్న్ తిన్నట్టు.

"మాది బొబ్బిలండి. టిఫిన్ హోటల్ పెడుతున్నాం. మీ కాఫీ బాగుంటుందని విన్నాం" అంది అనూరాధ. గురమ్మ పెదవులు బిగించి నేల చూసింది. అబద్ధానికి తోడు వచ్చింది గానీ తనుగా అబద్ధమాడలేదు.

దేవేంద్ర నలభై దాటని మనిషి, మాట మెత్తన. "రండి మేడమ్, రండి మామ్మగారూ. ఇప్పుడే వేశాం. మీ కళ్ళ ముందే వేగుతుంది. మా దగ్గర దాపరికం లేదు" అని కుర్చీలు లాగాడు.

అనూరాధ తెర వంక చూసింది. వెనకాల బూడిదరంగు గీత ఒకటి ముందే పరిచి ఉంది. దాని మీద ఎర్ర గీత నెమ్మదిగా ఎక్కుతోంది. ఆ బూడిదరంగు గీత చివర, గింజ పేలే చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'చిటపట' అని రాసి ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటికి అసలున్న పేరు వేరే. నోరు తిరగడం లేదని, తమ్ముడు చినబాబు చేత దాన్ని 'చిటపట' అని మార్పించుకుంది తనే. డ్రమ్ముకి తీగ బిగించిందీ, ల్యాప్‌టాప్‌లో అదంతా ఎక్కించి నేర్పిందీ చినబాబే. ప్రపంచంలో ఎంతమంది కాఫీ వేయించుకున్నా, ఆ మాట ఉన్నది ఒక్క తన పెరట్లోనే. కాపీ కొట్టినవాడు పక్కవాడి పేరుతో సహా రాసుకొచ్చినట్టుంది వ్యవహారం.

యంత్రం దగ్గర ఎల్లాజీ అనే మనిషి నిలబడి ఉన్నాడు. చూపు తెర మీద, చెయ్యి మూత మీద. ఎర్ర గీత సగం దాటాక, వెనకాల ఉన్న బూడిదరంగు గీత ఒకచోట చిన్న గుంటలోకి దిగింది. ఎల్లాజీ ఠక్కున మూత తీశాడు. పొగ గుప్పుమంది. ఎర్ర గీత కూడా గుంటలోకి దిగింది. మూత మూశాడు.

"ఇదే మా కిటుకు" అన్నాడు దేవేంద్ర, గుడిలో పూజారి హారతి చూపించినట్టు చెయ్యి చాపి. "గింజకి మధ్యలో ఊపిరాడాలి మేడమ్. మొదట్లో ఇది మాకు అర్థం కాలేదు. మంట తగ్గించి చూశాం, గీత ఇలా దిగలేదు. మూత తీస్తే అచ్చం ఇలాగే దిగింది. పెద్ద నిపుణులు తయారుచేసిన పద్ధతి."

ఆ గుంట అనూరాధకి తెలుసు. తన గీతలో కూడా మంగళవారం మంగళవారం అలాంటి గుంట పడుతుంది. ఎందుకు పడుతోందో తెలియక, పక్కింటి వాళ్ళ నీళ్ళ మోటారు వల్ల కరెంటు తగ్గుతోందని నేరం వాళ్ళ మీద మోపి, వాళ్ళతో మాటలు కూడా మానేసింది. అయితే తన గీతల్లో ఎప్పుడూ ఒక్క గుంటే. ఇక్కడ తెర మీద, మొదటి గుంట పక్కనే, ఇంకోటి కూడా ఉంది.

ఎర్ర గీత దాని దగ్గరికి వచ్చింది. ఎల్లాజీ భక్తిగా రెండోసారి మూత తీశాడు, మూశాడు.

గురమ్మ ఇక ఆగలేకపోయింది. కుర్చీలోంచి లేచి యంత్రం దాకా పోయింది.

"మూత తీసినోడివి, తియ్యకుండానే మూసీసినావేటి బాబూ?"

ఎల్లాజీ తెల్లబోయాడు. "ఏటి తియ్యాల మామ్మా?"

"అమ్మోరి గుప్పెడు."

"అలాటిదేటీ లేదు మామ్మా. గీత దిగినకాడ మూత తియ్యాల, మల్లీ ముయ్యాల. అంతే సెప్పారు మాకు."

"మరి తియ్యనప్పుడు మూత తియ్యడమెందుకు? ఉత్తినే అమ్మోర్ని ఊరించడానికా?"

అనూరాధ అత్త కొంగు ముడి వంక చూసింది. సందులోంచి, పొద్దున్న వాయిలోంచి తీసిన, సగం వేగిన కాఫీ గింజ ఒకటి బయటికి తొంగిచూస్తోంది. ఆమెకి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పెద్ద నిపుణులు తయారుచేసిన పద్ధతి అంటే తన అత్తగారి గుప్పెడు. రాజాంలో ఇంత డబ్బు పోసి, అద్దాలు బిగించి, ఒక మనిషిని నిలబెట్టి, రోజూ వీళ్ళు చేస్తున్నది గురమ్మ మొక్కు. అదీ సగమే.

దేవేంద్ర మొహంలో మెత్తదనం పోయింది. "ఇంతకీ మీరెవరు మేడమ్?"

"ఆ గీత ఎవరిదో, నేను వాళ్ళని" అంది అనూరాధ. "చిటపట అని పేరు పెట్టుకున్నది నేను. అది మీకెవరిచ్చారు?"

అతను కంగారు పడలేదు, ఆమెని భయపెట్టింది అదే. నిదానంగా కుర్చీలో వెనక్కి వాలాడు. "అనూరాధ గారా. కూర్చోండి. గీత మీద మీ పేరేమీ లేదు కదండీ. నేను దొంగతనం చెయ్యలేదు. మీ ఇంటి మనిషే తెచ్చిచ్చాడు, నేను తీసుకున్నాను."

"ఏ మనిషి?"

"అది మీ ఇంట్లో తేల్చుకోవాలి గానీ నా దుకాణంలో ఎందుకు? మాస్టారు రోజూ ఈ దారినే పోతారు. మంచిమనిషి. ఆయన్నే అడగండి." మళ్ళీ తనే, "శుక్రవారం నరసింగరావు గారిని కలుస్తున్నాను. మీకు అభ్యంతరమైతే ముందే చెప్పండి. మీవారు నాకేమీ అభ్యంతరం చెప్పలేదు మరి" అన్నాడు.

అనూరాధ అత్త చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. ఎల్లాజీ మాత్రం వెనకనుంచి, "మామ్మా, గుప్పెడంటే ఎంత తియ్యాల?" అని అడుగుతూనే ఉన్నాడు.

బస్టాండులో విజయనగరం బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అనూరాధ ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీద మండాలో తెలియక ముందు దొరికిన మనిషి మీదే మండింది.

"మంగళవారం గుంట నీదేనన్నమాట. ఇన్నాళ్ళూ నాకొక్క మాట చెప్పకుండా డ్రమ్ములో చెయ్యి పెడుతున్నావా అత్తా?"

"సెయ్యి కాదు, గరిటె" అంది గురమ్మ. "గింజ సిటపటమనగానే నివ్వొకటి తీసి కొరుకుతావు కదా. కొరికినాక మిగతాది ఎంగిలి కాదేటి? ఎంగిలిది అమ్మోరికి ఎలగెడతాను? అందుకని నివ్వు జల్లెడ కోసం వంటింట్లోకి ఎల్లినప్పుడు ముందే గుప్పెడు తీసీసి కొంగున కట్టుకుంటన్నాను."

"పచ్చి గింజలే తీసి ఉంచుకోవచ్చు కదా?"

"పచ్చి గింజ నైవేద్దెమేటే? అమ్మోరు ఏటి నముల్తాది?"

దీనికి జవాబు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. అనూరాధ నుదురు పట్టుకుంది. కాసేపటికి ఆమెకి అసలు విషయం తట్టింది.

"అత్తా, అక్కడ రెండు గుంటలున్నాయి. నా గీతల్లో ఎప్పుడూ ఒక్కటే. నువ్వు రెండుసార్లు ఎప్పుడు తీశావు?"

గురమ్మ ముడి తడుముకోవడం ఆపేసింది.

"ఒక్కసారే" అంది. "సిరిమాను పండగ నాడు. మీ అమ్మ కూర్మమ్మ మెట్ల మీంచి పడి కాలిరగ్గొట్టుకున్నాదని నివ్వు కోటబొమ్మాళి ఎల్నావు. పైడితల్లికి గుప్పెడు తీసినాను. మూతేసినాక మీ అమ్మ కాలు గుర్తొచ్చినాది. పాపం, మడిసి మంచాన పడ్డాది. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి పేరు సెప్పుకుని ఇంకో గుప్పెడు తీసినాను."

వియ్యపురాలి కాలికోసం తీసిన గుప్పెడు అది. ఇంకో రోజైతే అనూరాధ అత్తని కావలించుకుని ఉండేది. ఈ రోజు ఆమె బుర్ర ఇంకో దారిన పరిగెత్తుతోంది. తను ఊళ్ళో లేని రోజు డ్రమ్ము తిరిగింది. తన ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది. తిరిగొచ్చాక చూస్తే అందులో ఆ రోజు గీత లేదు. ఎవరో వేయించారు, ఎవరో చెరిపేశారు. ఆ రోజు పండగ, కాలేజీకి సెలవు.

"డ్రమ్ము దగ్గర ఎవరున్నారత్తా?" అంది. అడిగేటప్పటికే ఆమె మనసులో జవాబు ఉంది. ఉమాశంకర్ అన్న మాట వినడానికి పళ్ళు బిగబట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

"నీ తమ్ముడు" అంది గురమ్మ.

అనూరాధకి వెంటనే అర్థం కాలేదు. తమ్ముడంటే చినబాబు. ఆ రోజు అమ్మ కాలికి కట్టు కట్టించడానికి రమ్మంటే, వైజాగ్‌లో ఇంటర్వ్యూ ఉందక్కా, రాలేనన్న చినబాబు. తల్లి మంచం మీద మూలుగుతుంటే తను ఒక్కర్తే ఆటో పిలిచి మొయ్యించుకుపోయింది. ఆ టైములో వాడు తన పెరట్లోనే ఉన్నాడా?

"గింజలు కూడా మనవి కావు" అంది గురమ్మ. "దేవేంద్ర ముద్దరున్న సంచితో తెచ్చినాడు. ఆడి గింజ మన డ్రమ్ములో పోసి, నీ పాత గీత మీద నడిపించి సూసుకున్నాడు. మద్దెలో పెరటి మూలకెల్లి గొణుక్కుంటన్నప్పుడు నాను గరిటె పెట్టినాను."

అనూరాధకి సిగ్గేసింది. ముందు కోపం రాలేదు, సిగ్గే వచ్చింది. వారం రోజులుగా మొగుడి జేబులు తడిమిన చేతులు ఇవి. తన పుట్టింటి మనిషి తన ఇంటికే కన్నం వేస్తే, అత్త అది కడుపులో పెట్టుకుని, కొడుకు మీద పడుతున్న అనుమానాన్ని చూస్తూ ఊరుకుంది.

"ఎందుకు చెప్పలేదత్తా? ఆయన్ని నేను దొంగని చూసినట్టు చూస్తుంటే నీకు కష్టం కలగలేదా?"

"కలక్కేటి? కడుపు రగిలిపోనాది. ఐనా ఒట్టేసినాను."

"చినబాబుకా?"

"చినబాబుకి నానెందుకేస్తాను? ఉమాకి." గురమ్మ కోడలి వంక తిరిగింది. "ఆ గుంటడు పెరట్లో గొణుక్కున్నది నా కొడుకుతోనే. ఆడెల్లిపోనాక ఉమా నా దగ్గరికొచ్చి, ఈ సంగతి అనూకి సెప్పొద్దని పైడితల్లి మీద ఒట్టేయించుకున్నాడు. ఎందుకురా అంటే సెప్పలేదు. ఈవేళ ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టీసినాను. అమ్మోరితో నాను మాటాడుకుంటాను. మరింక నివ్వే తేల్సుకో."

తేల్చుకోవడానికి ఏముంది? ఉమాశంకర్ బావమరిది పరువు కాపాడటానికి తల్లి నోరు కట్టించాడా, తన వాటా కాపాడుకోవడానికా? సంచిలో పొట్లం దేవేంద్ర రుచి చూడమని ఇచ్చిందా, లంచమా? ఇప్పుడే దిగిపోయిన బరువు మళ్ళీ వచ్చి, ఈసారి రెండు భుజాల మీదా కూర్చుంది.

ఫోన్ మోగింది. ఉమాశంకర్.

బస్టాండు గోలలో వినపడక అనూరాధ స్పీకర్ నొక్కి, ఫోన్‌ని ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"ఎక్కడున్నావు అనూ?"

"ఇంట్లోనే" అంది. పెళ్ళయ్యాక అతనితో ఇంత సునాయాసంగా ఎప్పుడూ అబద్ధమాడలేదు.

"అమ్మకోసారి ఇయ్యి."

అనూరాధకి గుర్తొచ్చింది, మంగళవారం. అత్త వంక చూసింది. గురమ్మ ఫోన్ వైపు వంగి, కొంగు ముడిని గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"ఇంట్లోనే ఉన్నాను నాయినా. దీపాలకి ఒత్తులు సేస్తన్నాను. ఏటి?"

"అలాగా" అన్నాడు ఉమాశంకర్. "నేను కాలేజీకి పోలేదమ్మా. నేనూ ఇంట్లోనే ఉన్నాను. పెరట్లో."

అప్పుడు వినపడింది అనూరాధకి, అతని గొంతు వెనక. డ్రమ్ము తిరుగుతున్న చప్పుడు. కాఫీ అంటే మొహం తిప్పుకునే మనిషి దగ్గర, ఆమె పెరట్లో, ఆమె షెడ్డు కింద, గింజలు వేగుతున్నాయి. ఆ వెనకనుంచి ఇంకో గొంతు, చిన్నప్పటినుంచి ఎరిగిన గొంతు, తొందరగా అడిగింది:

"బావా, గీత దిగతన్నాది. మూత తీసీమంటావా?"